జిరియా మోసిన కడుపు

కమలా నది కట్టకి ఇవతల, మా ముసహర్ల పేటలో, మేం టోలా అంటాం, ఏ ఇంటికి వెళ్లినా, మూలన నిలబెట్టిన మట్టి గాదె నున్నగా, అంచులు సమంగా, మూత దగ్గర రెండు చేపల బొమ్మలతో ఉందంటే అది జిరియా చేసిందే. గాదె చెయ్యడం ఆడవాళ్లందరికీ వస్తుంది. బీటలు వారకుండా చెయ్యడం దానికే వచ్చు. మట్టిలో ఊక ఎంత, పేడ ఎంత అని అడిగితే, "చేతికి తెలుస్తుంది చాచీ, నోటికి తెలీదు" అనేది. నాకేమో ఏ సంగతైనా ఎందుకు, ఎలా అని తేల్చుకోనిదే అన్నం సయించదు. పక్కనే కూచుని మట్టి పిసికే దగ్గర్నుంచి చూసేదాన్ని. అయినా నా గాదె పగిలింది, దానిది పగల్లేదు.

జిరియా మా ఎదురింటి తేతరీకి చిన్నకోడలు. రెండిళ్లకీ మధ్య చేతిపంపు ఒక్కటే అడ్డం. తేతరీ పెద్దకొడుకు బిల్టూ పెళ్లాం కాన్పులోనే పోయింది. ఆ పుట్టిన పిల్ల సుగనీకి మేకపాలు పట్టి, ఒళ్లో పడుకోబెట్టుకుని పెంచింది జిరియాయే. పిల్ల దాన్నే అమ్మా అని పిలిచేది. జిరియా మొగుడు ఫేకన్ ఏడాదిలో ఎక్కువ కాలం పంజాబులోనే, నాట్లకీ కోతలకీ. కార్తీకంలో ఛఠ్ పండక్కి వచ్చి పోతుంటాడు. వాళ్లకి పిల్లల్లేరు.

పంపు దగ్గర తేతరీ నోరు ఊరుకునేది కాదు. "మా కనియా ఊరందరికీ గాదెలు కట్టి పెడుతుంది. దాని గాదె మటుకు ఖాళీ" అనేది. కోడల్ని మేం కనియా అంటాం, తల నెరిసినా సరే. జిరియా ఏమీ అనేది కాదు. కొంగు ముఖం మీదకి ఇంకో బెత్తెడు లాక్కుని బిందె ఎత్తుకునేది.

ఆ ఏడు ఫేకన్ ఛఠ్‌కి వచ్చినప్పుడు తేతరీ అందరి ముందూ తేల్చేసింది. "వచ్చే పండక్కీ ఇంతే అయితే, నది అవతల ఒక పిల్లని చూసి పెట్టాను. మనలో రెండోదాన్ని తెచ్చుకోడానికి మేళాలు కావాలా, తాళాలు కావాలా? మీద ఓ చీర కప్పి తీసుకురావడమే."

"మరి ఇది?" అన్నాను నేను.

"ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. నేనేం చెయ్యి పట్టి గెంటుతున్నానా దీదీ?"

ఫేకన్ నేల చూస్తూ బీడీ నలుపుతున్నాడు. వాడు తల్లికి ఎదురు చెప్పే రకం కాదు, పెళ్లాన్ని వెనకేసుకొచ్చే రకమూ కాదు. పండగ వెళ్లగానే రైలెక్కి వెళ్లిపోయాడు.

మార్గశిరం చలిలో జిరియాకి నెల తప్పింది. ఆ సంగతి మొదట నేనే కనిపెట్టాను. పంపు దగ్గర ఆ మూడు రోజుల గుడ్డలు ఉతకడానికి రాలేదని. అడిగితే తల వంచుకుని నవ్వింది. మళ్లీ నెలా రాలేదు. తేతరీ ముఖం దీపం పెట్టినట్టయింది. ఆ తర్వాత కనబడిన ప్రతిదీ కడుపుతో ఉన్నదానికే సరిపోయింది. జిరియాకి కట్ట ఎక్కితే ఆయాసం. అన్నం చూస్తే వికారం. పొయ్యిగడ్డ మట్టి విరిచి నోట్లో వేసుకుని కరకరా నమిలేది. ముఖం నల్లబడింది. "మగపిల్లాడు మోస్తే తల్లి రంగు లాగేస్తాడు" అని తేతరీ అందరికీ చెప్పుకుంది. ఫాల్గుణం వచ్చేసరికి పొట్ట కూడా ఎత్తుగా కనబడింది. మంత్రసాని వచ్చి నూనె రాసి తడిమి, "బిడ్డ ఎడమపక్కకి ఒరిగి పడుకున్నాడు, పైకి ఉన్నాడు, మొండివాడవుతాడు" అంది. తేతరీ మంత్రసానికి కొత్త గమ్చా తువ్వాలు పెట్టింది.

నాకు మాత్రం ఒకటి మింగుడుపడలేదు. కడుపుతో ఉన్న ఆడదానికి పొట్ట పెరుగుతుంటే ఒళ్లూ కాస్త నిండాలి. దీని చేతులు చూస్తే పుల్లలు. మెడ కింద గుంటల్లో పావుసేరు బియ్యం పోయొచ్చు. పొద్దువాలేసరికి వణుకుతూ ఎండుగడ్డిలోకి ముడుచుకునేది. నల్లజ్వరం, ఆస్పత్రి వాళ్లు కాలా ఆజార్ అంటారు, అది మా టోలాకి కొత్త కాదు. మా ఆడపడుచు దానితోనే పోయింది. ఓ రోజు తేతరీ పొలానికి వెళ్లిన అదను చూసి నేను జిరియా ఇంట్లో దూరాను.

"ఏదీ, ఓసారి పొట్ట చూపించు."

"ఎందుకు చాచీ, దిష్టి."

"నా దిష్టి తగిలి పోయేదైతే ఈ టోలాలో ఒక్క పిల్లా మిగిలేది కాదు. చూపించు."

చెయ్యి పెట్టి చూశాను. బొడ్డు కింద మెత్తగా ఖాళీగా ఉంది. ఎడమ డొక్క కింది నుంచి గట్టిగా, పలక పెట్టినట్టు ఏదో అడ్డంగా దిగి ఉంది. దానికి అంచు కూడా తెలుస్తోంది. నేను కన్నవాళ్లలో ఒక్కరూ పక్కటెముకల కింద నుంచి మొదలవలేదు.

"కదులుతోందా?" అన్నాను.

అది నా వంక చూసింది. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేను. "అప్పుడప్పుడు" అంది.

"జిరియా, ఇది బిడ్డ కాదే. డొక్కలో ఉండే బల్ల, ఆ జ్వరానికి వాచింది. ఆస్పత్రికి పద."

నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. పొట్ట ఎంత గట్టిగా ఉందో ఆ వేళ్లు అంత సన్నంగా ఉన్నాయి. "ఇంకొన్నాళ్లు ఉండనీ చాచీ. ఆయన వచ్చి చూసేదాకా. ఇది బిడ్డ కాదంటే నేనెక్కడికి పోవాలి? సుగనీని ఎవరు చూస్తారు?"

మర్నాడు తేతరీతో అన్నాను, పిల్ల వాలకం బాగాలేదని. "నీకు కన్ను కుట్టింది దీదీ" అని రెండు రోజులు నాతో మాట్లాడ్డం మానేసింది.

వైశాఖంలో ఓ మధ్యాహ్నం సుగనీ పరిగెత్తుకొచ్చింది. "అమ్మ ముక్కులోంచి రక్తం, ఆగట్లేదు" అని. వెళ్లి చూస్తే జిరియా గోడకి చేరబడి ఉంది, కొంగంతా తడిసి. కళ్లు తేలేసింది. తేతరీ సంతకి పోయింది. ఇంటి దగ్గర మగవాడంటే బిల్టూ ఒక్కడే. మాలో బావగారు తమ్ముడి పెళ్లాన్ని తాకకూడదు. నీడ పడినా తప్పుకుంటారు. వాడు గడప అవతలే నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

"చాచీ, నువ్వెత్తు. నేను బండి తెస్తాను."

"నేనొక్కదాన్నే ఎలా ఎత్తనురా, నాకేం పాతికేళ్లా?"

"సుగనీ కాళ్లు పట్టుకుంటుంది. నేను ముఖం తిప్పుకుంటాను."

నేనూ ఆ పిల్లా కలిసి మూడు చక్రాల బండిలో దాన్ని పడుకోబెట్టాం. బిల్టూ వెనక్కి ఒక్కసారి కూడా చూడకుండా కట్ట మీదుగా రోడ్డు దాకా లాగాడు. అక్కణ్ణుంచి టెంపోలో జిల్లా ఆస్పత్రికి.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గానీ చెయ్యి నెమ్మది. పొట్ట మీద పెన్నుతో గీత గీసింది, బల్ల ఎందాకా దిగిందో తెలియడానికి. వేలిమీద సూది గుచ్చి ఒక చుక్క పట్టీ మీద వేసి చూసింది, చేతి నరంలోంచి సీసాల్లోకి రక్తం తీయించింది. మూత్రం పరీక్ష చేయించింది. ఏదో తెరలాంటి దాంట్లో పొట్ట లోపల కూడా చూసింది. అన్నీ అయ్యాక, "బిడ్డ లేదమ్మా" అంది. "ఎప్పుడూ లేదు. కాలా ఆజార్."

"మరి నెల తప్పిందే?" అన్నాను నేను.

"పోవడానికి ఒంట్లో రక్తం ఉంటే కదా?"

నేను ఊరుకుంటానా? ముక్కులోంచి ఎందుకు కారింది, ముఖం ఎందుకు నల్లబడింది, మట్టి ఎందుకు తింది, అన్నీ అడిగాను. "నువ్వు తోడొచ్చావా, తనిఖీకొచ్చావా?" అని నవ్వింది గానీ, విసుక్కోకుండా చెప్పింది. గోడల పగుళ్లలో ఉండే ఇసకదోమ కుట్టినప్పుడు కంటికి కనబడని పురుగు ఒంట్లోకి పోతుందట. అది బల్లలో, కాలేయంలో, ఎముకల లోపలి మూలుగలో కాపురం పెడుతుందట. మూలుగలోనే రక్తం పుడుతుంది. పుట్టేచోటే పురుగు కూచుంటే ఎర్రరక్తం ఎక్కణ్ణుంచి వస్తుంది? పుట్టిన కాస్తనీ వాచిన బల్ల మింగుతుంది. అందుకే ఆయాసం, అందుకే మట్టి మీదకి మనసు పోవడం. రక్తం గడ్డకట్టించే కణాలు తగ్గిపోయాయి, అందుకే ముక్కు ఆగలేదు. రోగాలతో పోట్లాడే తెల్లకణాలూ తగ్గాయి, ఇప్పుడు చిన్న దగ్గొచ్చినా మనిషి దక్కదు. కాలేయం కూడా వాచింది, కళ్లలో పచ్చదనం దానిదే, ముఖం నలుపు ఈ జ్వరం గుణమే.

"మందుంది. సీసాలో పసుపుపచ్చగా ఉంటుంది, నరంలోకి ఎక్కిస్తాం. కానీ దాన్ని మూత్రపిండాలు తట్టుకోవాలి. ముందు రక్తం కావాలి. ఎవరైనా ఇస్తే, దానికి బదులు నిల్వలోంచి ఈమెకి సరిపడేది ఇస్తారు" అంది డాక్టరమ్మ.

బయట చెట్టు కింద కూచున్న బిల్టూకి చెప్పాను. వాడి ముఖం పాలిపోయింది. "నా రక్తం... కనియా ఒంట్లోకా? చాచీ, చెయ్యి తగిలితేనే పాపమంటారు. లోపలికి పోతే ఇంకేముంది?"

"నీది దానికి ఎక్కించరురా. నీది అలమరలో పెట్టి, వేరేవాళ్లది దీనికిస్తారట."

"నిజంగా? ఆ సీసా మీద నా పేరుంటే కలిపెయ్యరు కదా?"

రక్తం తీసే అబ్బాయిని మూడుసార్లు అడిగి, ఒట్టు వేయించుకుని గానీ చెయ్యి చాపలేదు. ఇచ్చి బయటికొచ్చాక మాత్రం, "ఏమీ కాలేదు చాచీ. ఒక మడి నాటినంత కష్టం కూడా లేదు" అని బిస్కెట్లు నమిలాడు. లోపల వార్డులో డాక్టరమ్మ ఏం చెప్పిందో వాడికి తెలీదు. ఆడవాళ్ల కడుపు సంగతి మగవాళ్ల దగ్గర ఎవరూ ఎత్తరు, వాడూ అడగలేదు.

రక్తం ఎక్కింది. మందు ఎక్కింది. జ్వరం తగ్గింది. డాక్టరమ్మ గీసిన గీత నుంచి బల్ల రోజురోజుకీ పైకి జరుగుతోంది. డాక్టరమ్మ సంతోషంగా ప్రతి పొద్దునా కొత్త గీత గీసేది. జిరియా ఆ గీతలు చూస్తూ పడుకునేది. మందు పని చేస్తోందని తెలిసి కూడా ఎవరో తనదేదో తీసుకుపోతున్నట్టు చూసేది. ఓ పొద్దున, "లేదని నాకు ముందే తెలుసు చాచీ. తెలిసినా, రోజూ ఒక్కసారైనా కదలకపోతుందా అని చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని" అంది.

ఇంటికి పంపే రోజు బట్టలు మూట కడుతూ, "ఇంట్లో నేను చెప్పుకుంటాను. నువ్వేమీ చెప్పకు" అంది.

"ఏం చెప్తావు?"

"పోయిందని చెప్తాను. ఒకటి వచ్చి పోయినదానికి ఇంకోటి రావచ్చు. అసలు రానిదానికి ఏం రాదు."

నేను నోరు మూసుకున్నాను. అది దాని బతుకు. ఇప్పుడడిగినా అదే పని చేస్తాను.

తేతరీ గుండెలు బాదుకుని ఏడ్చింది. కానీ కోడల్ని ఒక్క మాట అనలేదు. బెల్లం, అల్లం, పసుపు కలిపి బాలింత పథ్యం వండి పెట్టింది. ముసలి చేతులతో కాళ్లకి నూనె రుద్దింది. పూర్తిగా తడి ఆరని కట్టెలు ఊదుకుంటూ వేన్నీళ్లు కాచింది. పెళ్లయి వచ్చాక జిరియా అత్తచేతి వంట అలా కూచుని తినడం అదే మొదలు. ఫేకన్‌కి ఫోను చేసి, "వచ్చే ఏడు మళ్లీ నిలుస్తుంది లే, నువ్వు బెంగ పెట్టుకోకు" అంది. నది అవతలి పిల్ల మాట ఎత్తలేదు.

అయితే తేతరీ దుఃఖం ఎక్కడో ఒకచోటికి పోవాలి. అది ఆస్పత్రి మీదకి పోయింది. "పచ్చనీళ్లు ఎక్కించి నా మనవణ్ణి కరిగించేశారు. పొట్ట రోజూ తగ్గిపోయిందట, గీతలు గీసి మరీ కరిగించారు" అని పంపు దగ్గరికొచ్చిన ప్రతి ఆడదానికీ చెప్పింది. గోడలకి దోమల మందు కొట్టే మనుషులొస్తే రాళ్లు తీసుకుంది. టోలాలో జ్వరమొచ్చినవాళ్లు ఆస్పత్రి మాటెత్తడం మానేశారు. జిరియా వింటూ ఉండేది. గాదెకి మట్టి కలిపేటప్పుడు చేతులు ఆగిపోయేవి.

శ్రావణంలో సుగనీకి సాయంత్రం జ్వరం మొదలైంది.

బిల్టూ తల్లితో, "ఓసారి చూపిద్దామా" అన్నాడు. "ఒకణ్ణి మింగింది చాల్లేదా? దీన్ని కూడా ఇస్తావా? నా బొందిలో ప్రాణముండగా పిల్ల ఆ గడప తొక్కదు" అంది తేతరీ. భూతవైద్యం చేసే భగత్‌ని పిలిపించింది. అతను కల్లు తాగి, ఊగి, పిల్ల మెడలో తాడు కట్టాడు. పిల్ల పొట్ట ఉబ్బింది. జిరియా అత్త కాళ్ల దగ్గర కూచుని బతిమాలింది. "మాయీ, తప్పు ఆస్పత్రిది కాదు, నా రాతది. పిల్లని పంపించు." తేతరీ వినలేదు. "నీ మెత్తదనం వల్లే మోసపోయావు కనియా" అని తల నిమిరింది.

నేను పక్కకి లాగి అడిగాను. "ఏం చేస్తావే?"

"ఏం చెయ్యను చాచీ" అంది. నాలుగు రోజులు పిల్ల పక్కనుంచి లేవలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున ముసురు. కాల్చిన మొక్కజొన్న కంకి చేతికిస్తే పిల్ల కొరికింది. తెల్లటి గింజల మీద రక్తం అంటుకుంది. పళ్ల చుట్టూ చిగుళ్లన్నీ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పిల్ల తన నోరు చూసుకోలేదు, కంకి తిప్పి తిప్పి చూస్తోంది, ఇదేంటా అన్నట్టు. జిరియా ఆ కంకి లాక్కుని వసారాలోకి వచ్చింది. అక్కడ తేతరీతో కలిసి మేం నలుగురం ఆడవాళ్లం బియ్యం ఏరుతున్నాం.

"మాయీ, నాకు కడుపు రాలేదు" అంది.

తేతరీకి అర్థం కాలేదు. "ఏంటే?"

"బిడ్డ లేదు. ఎప్పుడూ లేదు. బల్ల పెరిగింది. మందుకి తగ్గింది. ఆస్పత్రి వాళ్లు ఎవర్నీ కరిగించలేదు."

"నెల తప్పింది కదా?"

"రక్తం లేక."

"కదిలిందన్నావు. నా చెయ్యి పట్టుకుని చెప్పావు."

"అబద్ధం చెప్పాను."

తేతరీ నా వంక చూసింది. నేను తలూపాను. చేటలో బియ్యం పక్కన పెట్టి మెల్లగా లేచింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నా చేత పథ్యం వండించుకున్నావు. నా చేత కాళ్లకి నూనె రాయించుకున్నావు. నేను వాడికి పేరు కూడా అనుకున్నాను" అంది. గొంతు పిల్లగొంతులా సన్నగా వచ్చింది. తర్వాత లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది.

గొడుగు లేదు, బిల్టూ యూరియా సంచీ పిల్లకి కప్పి భుజాన వేసుకుని వానలో బయల్దేరాడు. ఈసారి తల్లి ఆపలేదు. జిరియా వెంట వెళ్లబోయింది గానీ, దాన్ని రానియ్యొద్దని తేతరీ లోపల్నుంచి అంది. నేనే వెళ్లాను. అదే ఆస్పత్రి, అదే పసుపుపచ్చ మందు. పిల్లకి రక్తం జిరియాకి తగ్గినంత తగ్గలేదు, ఎక్కించాల్సిన పని పడలేదు. పిల్ల బతికింది. దాని తర్వాత టోలాలో ఇంకొందరు కూడా ఆ దారి పట్టారు. వాళ్లెవరూ జిరియా పేరు తలవలేదు.

ఛఠ్‌కి ఫేకన్ వచ్చాడు. పండగైన మూడో రోజున నది అవతలి పిల్లని చీర కప్పి తీసుకొచ్చారు. జిరియాని పొమ్మని ఎవరూ అనలేదు, నిజమే. పొయ్యి వేరు చేశారు. సుగనీని దాని పక్కలో పడుకోనివ్వలేదు, అబద్ధాలు నేర్పుతుందని. బిల్టూ ఏమంటాడు? తమ్ముడు వదిలేసిన ఆడదాని తరఫున బావగారు మాట్లాడితే ఊరు ఇంకో కథ కడుతుంది. పుట్టింట్లో అన్నదమ్ములు ఒక పూట అన్నం పెట్టి బస్సెక్కించారు. చివరికి మధుబని రోడ్డు మీద ఇటుకబట్టీలో చేరింది, పక్క టోలా ఆడవాళ్లతో కలిసి.

మొన్న మాఘంలో అటుగా వెళ్తే దిగి చూసొచ్చాను. మడమల దాకా మట్టిలో కూచుని అచ్చు పోస్తోంది. ఒళ్లు కాస్త పట్టింది, ముఖంలో నలుపు పోయింది. ఇప్పుడు చూస్తే ఆరోగ్యమైన మనిషి.

"అన్నం తింటోందా?" అని అడిగింది. ఎవరని చెప్పలేదు.

"శుభ్రంగా తింటోంది. బడికి కూడా పోతోంది."

"తల ఎవరు చూస్తున్నారు? దానికి పేలు ఊరికే పడతాయి."

"తేతరీ చూస్తోంది."

"మాయీకి కళ్లు సరిగ్గా ఆనవు చాచీ" అంది.

మేస్త్రీ కేకేశాడు. అచ్చు బోర్లించి, తట్టి తీసి, వరసలో ఇంకో ఇటుక పెట్టింది. నేను రోడ్డు ఎక్కేదాకా అది మళ్లీ తలెత్తలేదు.